ముక్కకీ ముక్కకీ మధ్య

(విశాఖపట్నం ద్వారకానగర్‌లో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగానికి లిఖిత పాఠం)

పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

పేకాట గురించి మాట్లాడమని ఒక మనిషిని పిలిచి వేదిక ఎక్కించడం మన ఊళ్ళో తరచుగా జరిగే పని కాదు. మా ఇంట్లో ‘పేక’ అన్న మాటను పిల్లల ముందు గొంతు తగ్గించి అనేవారు. ఎవరో పెదనాన్న వరస ఆయన పేకాటలో పొలం పోగొట్టుకున్నాడన్న కథ ప్రతి కుటుంబంలోనూ ఉన్నట్టే మా కుటుంబంలోనూ ఉంది, ఆ పొలం విస్తీర్ణం కథ చెప్పినప్పుడల్లా ఒక ఎకరం పెరుగుతూ వచ్చింది కూడా. అందుచేత ముందే ఒక మాట చెప్పి మొదలుపెడతాను. నేను మాట్లాడబోయేది పైసా పందెం లేని పేకాట గురించి, అంటే 1990ల చివరి నుంచి సుమారు పదేళ్ళపాటు, ఒకరి ముఖం ఒకరు ఎరగని నలుగురు మనుషులు నాలుగు ఊళ్ళలో కూర్చుని టెలిఫోన్ తీగల మీదుగా ఆడుకున్న ఆట గురించి.

ఈ విషయంలో నాకున్న అర్హత ఒక్కటే. 1999 నుంచి 2006 వరకు డైమండ్ పార్కు దగ్గర ఒక మేడ మెట్ల పక్క గదిలో నేను ఇంటర్నెట్ సెంటరు నడిపాను. ఆరు కంప్యూటర్లు, ఆరు ప్లాస్టిక్ కుర్చీలు, మధ్యలో ప్లైవుడ్ అడ్డాలు, అందరికీ కలిపి ఒకే ఒక టెలిఫోన్ లైను. మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చింది 1995 ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా, అది కూడా కొన్ని మహానగరాలలో మాత్రమే. 1998 చివరలో ప్రైవేటు కంపెనీలను అనుమతించిన తరువాతనే నాబోటి వాళ్ళు గంటల లెక్కన కనెక్షను కొని, ఆ గంటలనే మళ్ళీ గంటల లెక్కన అమ్ముకునే వ్యాపారంలోకి దిగారు. గంటకు 40 రూపాయలతో మొదలుపెట్టినవాణ్ణి, వీధికి రెండేసి సెంటర్లు వెలిసేసరికి 15 రూపాయలకు దిగివచ్చాను. గోడకు ఒక గడియారం, బల్ల మీద ఒక పొడుగాటి నోటు పుస్తకం ఉండేవి. పేరు, కూర్చున్న వేళ, లేచిన వేళ, ఇచ్చిన డబ్బు అందులో రాసేవాణ్ణి. ఆ పుస్తకాలు మూడు ఇప్పటికీ మా అటక మీద ఉన్నాయి.

ఈ ప్రసంగం కోసం వాటిని దించి చూశాను. ఈమెయిలు చూసుకోవడానికి వచ్చినవాళ్ళు పావుగంటలో లేచిపోయారు. అమెరికా విశ్వవిద్యాలయాలకు దరఖాస్తులు పెట్టే కుర్రవాళ్ళు గంటసేపు ఉన్నారు. రెండు గంటలు, రెండున్నర గంటలు కూర్చున్న పేర్లన్నీ నాకు బాగా గుర్తున్న పేర్లే, వాళ్ళందరూ పేకాడేవాళ్ళే.

పేకే ఎందుకు అన్నదానికి కారణం మనుషుల అభిరుచిలో కొంత ఉంది, తీగ వ్యాసంలో ఎక్కువగా ఉంది. మా మోడెమ్ పెట్టె మీద 56 కిలోబిట్లు అని రాసి ఉండేది. ఆ వేగం పెట్టె మీద తప్ప లైను మీద నేనెప్పుడూ చూడలేదు. వచ్చిన కాస్త వేగాన్నీ విండోస్ 98 రెండో ఎడిషన్ ఆరు కంప్యూటర్లకు పంచేది. ఎవరైనా బంధువుల పెళ్ళి ఫొటో తెరిచారంటే మిగిలిన ఐదుగురూ చేతులు కట్టుకుని కూర్చోవలసిందే. పేకముక్క సంగతి అలా కాదు. కట్టలో ఉన్నవి 52 ముక్కలు కాబట్టి, ఏ ముక్క వేశానో అవతలివాడికి చెప్పడానికి ఆరు బిట్లు చాలు. 60 కిలోబైట్ల ఫొటో ఒక్కటి పంపే స్థలంలో, ముక్కలు మాత్రమే లెక్క వేస్తే, వెయ్యిన్నర పైచిలుకు పంపకాలు ఇమిడిపోతాయి. బొమ్మలు ముందుగానే మన కంప్యూటరులో ఉంటాయి, తీగ మీద ప్రయాణం చేసేది వార్త మాత్రమే. పైగా పేకలో ఒకరి తరువాత ఒకరు ఆడతారు కనుక, మూడు సెకన్లు ఆలస్యమైనా ఆట చెడిపోదు. కార్ల పందేలు, తుపాకుల ఆటలు ఆ ఆలస్యాన్ని భరించలేక నత్తనడక నడుస్తున్న రోజులలో, పేక మాత్రం మన చావడిలో ఎంత వేగంతో సాగుతుందో దాదాపు అంతే వేగంతో సాగిపోయింది.

నెట్‌వర్కు మీద పేకాట వయసులో మా సెంటరు కంటే పెద్దది. 1990లోనే మాథ్యూ క్లెగ్ అనే అమెరికన్ విద్యార్థి ఇంటర్నెట్ మీద నలుగురు బ్రిడ్జి అనే పేకాట ఆడుకోవడానికి ఒక ప్రోగ్రాము రాశాడు, తరువాత అది ఓకేబ్రిడ్జ్ అన్న పేరుతో చందా కట్టి ఆడే సేవ అయింది. 1992లో మైక్రోసాఫ్టు వాళ్ళు ఆఫీసు కంప్యూటర్లను కలిపే విండోస్ ఒకటి తెచ్చి, ఆ కలయిక పనిచేస్తోందని జనానికి చూపించడానికి హార్ట్స్ అనే ఆటను అందులో పెట్టారు. ఆ ఆట తెరవగానే పేరు అడిగేది, పంచేది మీరా, లేక ఇంకొకరు పంచుతున్న బల్ల దగ్గరకు వెళ్తారా అని అడిగేది. ఎవరూ దొరకకపోతే పాలిన్, మిషెల్, బెన్ అనే ముగ్గురు యంత్రపు ఆటగాళ్ళను కూర్చోబెట్టేది. మన ఊరి ఇంజనీరింగ్ కాలేజీల లాబుల్లో చదువుకున్న ఒక తరం మొత్తానికి ఈ ముగ్గురూ సహాధ్యాయుల కింద లెక్క. లాబు అసిస్టెంటు తలుపు దగ్గర కనిపించగానే నాలుగు తెరల మీద ఒకేసారి సి ప్రోగ్రాము ప్రత్యక్షం కావడం ఆ తరానికి పట్టుబడిన మొదటి నెట్‌వర్కు విద్య.

హార్ట్స్‌లో ఆఠీను ముక్క ఒక్కొక్కటి ఒక పాయింటు, ఇస్పేటు రాణి ఒక్కతే పదమూడు. వచ్చిన ప్రతి పాయింటూ నష్టమే, అయితే ఇరవయ్యారూ ఒక్కడికే వచ్చాయంటే మాత్రం మిగిలిన ముగ్గురి నెత్తిన తలో ఇరవయ్యారు పడతాయి. ఎక్కువ పట్టినవాడు గెలిచే ఆటలు చిన్నప్పటి నుంచి ఆడినవాళ్ళకు, పట్టకుండా తప్పించుకోవడమే గెలుపు అన్న ఈ ఆట ఒక పట్టాన ఒంటబట్టేది కాదు. ఆ ముక్కల మీది బొమ్మలు సుసాన్ కేర్ అనే చిత్రకారిణి గీసినవి. 1990లో విండోస్ సాలిటేరు కోసం ఆవిడ గీసిన ఆ రాణినే మనం ఇరవై ఏళ్ళు చూశాం. నిజం పేకలోని ఇస్పేటు రాణిని కళ్ళ ముందుకు తెచ్చుకోమంటే ఈనాటికీ నాకు ఆ తెర మీది రాణే కనిపిస్తుంది.

1996లో మైక్రోసాఫ్టు గేమింగ్ జోన్, 1998లో యాహూ గేమ్స్ వచ్చాయి. మా సెంటరులో రాజ్యమేలినది యాహూయే. ముందు తెర మీద ఒక బూడిదరంగు చతురస్రం వచ్చి, ఆటను నడిపే జావా ప్రోగ్రాము దిగేదాకా అలాగే నిలబడేది. ఆ చతురస్రం ముందు కూర్చుని ఎంతమంది గోళ్ళు కొరుక్కున్నారో చెప్పలేను. తరువాత గదుల జాబితా, గదిలో బల్లల జాబితా, ఒక్కొక్క బల్లకు నాలుగు దిక్కులా నాలుగు కుర్చీలు. ఖాళీగా ఉన్న కుర్చీ మీద నొక్కితే మన పేరు అక్కడ పడేది. కూర్చోకుండా పక్కన నిలబడి చూడటానికి కూడా ఏర్పాటు ఉండేది. ఆటను అంటిపెట్టుకుని చిన్న కిటికీ ఒకటి, మాటలకు.

ఆ చిన్న కిటికీ గురించే నేను ఈవేళ ప్రధానంగా చెప్పదలచుకున్నాను.

మా సెంటరుకు రోజూ ఉదయం ఏడు గంటలకు, నేను షట్టరు సగం ఎత్తేసరికి, ఇద్దరు వచ్చేవారు. ఒకాయన స్టీలు ప్లాంటులో రాత్రి నడిచే సి షిఫ్టు దిగి, ఉక్కునగరం నుంచి బస్సులో వచ్చి, ఇంటికి పోయి పడుకునే ముందు గంటసేపు ఆడుకునేవాడు. రెండో ఆయన లెక్కల మాస్టారు, రిటైరై అప్పటికి నాలుగేళ్ళు. ఆయన పేరు చెప్పడం ఆయనకు ఇష్టం ఉండదు కాబట్టి మాస్టారనే అంటాను. ఆ వేళకు ఉత్తర అమెరికాలో రాత్రి భోజనాలు అయిపోయి, బల్లలన్నీ నిండుగా ఉండేవి. మనకు తెల్లవారిన రోజు వాళ్ళకింకా రాలేదన్నది మాస్టారుకు ఎన్నాళ్ళకూ పాతపడని వింత.

ఆయన నేర్చుకున్నది స్పేడ్స్ అనే ఆట. ఎప్పుడూ ఇస్పేటే తురుఫు, అంటే మిగతా రంగులన్నిటినీ కొట్టే రంగు. ఎదురుగా కూర్చున్నవారు జట్టు. ఎన్ని పట్లు పడతామో, అంటే నలుగురూ తలో ముక్క వేసే చుట్టును ఎన్నిసార్లు గెలుస్తామో, ముందే చెప్పి, చెప్పినన్ని పట్టాలి. తక్కువైతే నష్టం, ఎక్కువైన పట్లు పోగుపడి పదికి చేరితే వంద పాయింట్లు కోత. ఒక్క పట్టూ పట్టనని చెప్పి నెగ్గితే వంద. మన తురుఫాట తెలిసిన మనిషికి ఇది నేర్చుకోవడం ఒక పూట పని. నెల తిరగకుండానే ఆయనకు ఒక స్థిరమైన జట్టు కుదిరింది. కెనడాలో విన్నిపెగ్ అనే ఊళ్ళో స్కూలు బస్సు నడిపే ఆవిడ. ఆవిడ ఉన్నది ఎప్పుడూ మన నిన్నటి రోజులోనే కనుక మాస్టారు ఆవిడను ‘నిన్నటావిడ’ అనేవారు. “ఏమయ్యా, నిన్నటావిడ వచ్చిందేమో చూడు,” అంటూ కుర్చీ లాక్కునేవారు.

వాళ్ళు మాట్లాడుకున్నదంతా ముక్కకీ ముక్కకీ మధ్యనే. ఒకరు ముక్క వేసి, అది నాలుగు దిక్కులూ తిరిగి మళ్ళీ తమ వంతు వచ్చేసరికి పది సెకన్లు, ఒక్కోసారి ముప్పయి సెకన్లు పట్టేది. ఆ వ్యవధిలో ఏం చేస్తారు? వేరే పేజీ తెరిస్తే లైను పడిపోతుంది. అప్పటికి జేబులో ఫోన్లు లేవు. చేయగలిగినది ఆ చిన్న కిటికీలో ఒక మాట రాయడం. “ఇక్కడ మైనస్ ముప్పయి, బస్సు ఇంజను వేడెక్కడానికి తీగ తగిలించి వచ్చాను,” అని ఆవిడ రాసేది. మాస్టారు ఒక్కొక్క అక్షరం కీబోర్డు మీద వెతికి, “ఇక్కడ ఉక్కపోత, ఫ్యాను వేసుకున్నాను,” అని రాసేవారు. ఇంజనుకు తీగ తగిలించడమేమిటో ఆయనకు అర్థమైనది మూడు రోజుల తరువాత, మరో ఆటలో, రెండు ఇస్పేటు ముక్కల మధ్య ఆవిడ వివరిస్తేనే. చలిదేశాల్లో రాత్రంతా ఇంజనును కరెంటుతో వెచ్చగా ఉంచకపోతే పొద్దున్న బండి కదలదట. ఆ సంగతి తెలిసిన ఉదయం మాస్టారు దాన్ని నాకూ, స్టీలు ప్లాంటాయనకూ, ఎదురుగా ఉన్న టీ కొట్టు అబ్బాయికీ వరుసగా చెప్పారు.

మిత్రులారా, ఆ రోజులు పోయాయని బాధపడేవాళ్ళు సాధారణంగా ఆట పోయిందని అంటారు. ఆట ఎక్కడికీ పోలేదు. స్పేడ్స్, హార్ట్స్ ఇప్పుడు ఏ ఫోనులోనైనా దొరుకుతాయి, అప్పటికంటే అందంగా ఉన్నాయి. పోయినది ఆ పది సెకన్లు. ఇద్దరు అపరిచితులు చేయడానికి మరేమీ లేక ఒకరినొకరు పలకరించుకోవలసి వచ్చిన ఆ ఖాళీ, ఎవరూ ప్రత్యేకంగా తయారు చేసి పెట్టినది కాదు. తీగ సన్నగా ఉండటం వల్ల దానంతట అది పుట్టింది. తీగ లావు కాగానే దానంతట అదే పోయింది.

ఆ ఆలస్యానికి ఇంకొక గుణం కూడా ఉండేది, దాన్ని నేను మాస్టారు దగ్గరే గమనించాను. జట్టుగా ఆడే ఆటల్లో ఎదుటివాడు తటపటాయించడం కూడా ఒక సైగే. రాజు వేయనా వద్దా అని ఆగాడంటే వాడి దగ్గర రాజు ఉందన్నమాట. బ్రిడ్జి ఆడేవాళ్ళు దీన్ని తీవ్రంగా పట్టించుకుంటారు, జట్టు తటపటాయింపు నుంచి తెలిసిన సమాచారాన్ని వాడుకోవడం ఆ ఆటలో తప్పు. మోడెమ్ కాలంలో ఆ సైగకు అర్థం లేకుండా పోయింది. నిన్నటావిడ ఎనిమిది సెకన్లు ఆగిందంటే ఆలోచిస్తోందో, పొయ్యి మీద ఏదైనా మాడిందో, మన లైను మీద ఎవరో పెళ్ళి ఫొటో తెరిచారో చెప్పలేం. మాస్టారు దీన్ని చాలా మెచ్చుకునేవారు. మా చావడిలో దగ్గు కూడా భాషేనయ్యా, ఇక్కడ అందరం మూగవాళ్ళం కాబట్టి అందరం నిజాయితీపరులమే అనేవారు.

నిజాయితీ అన్నాను కాబట్టి ఒక కష్టం కూడా చెప్పాలి. యాహూలో ప్రతి ఆటగాడికీ ఒక అంకె ఉండేది. చదరంగంలో ఆటగాళ్ళ బలాన్ని కొలవడానికి అర్పాద్ ఎలో అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు రూపొందించిన పద్ధతికి అది తమ్ముడు. గెలిస్తే పెరిగి, ఓడితే తగ్గేది. డబ్బు లేని ఆటలో అదొక్కటే ఆస్తి. ఓడిపోయే ఆట మధ్యలో లేచిపోయి ఆ అంకెను కాపాడుకునే పిరికివాళ్ళు ఉండేవారు, వాళ్ళంటే అందరికీ ఏవగింపు. మన ఊళ్ళో కరెంటు పోయినా, లైను తెగినా, అవతలి ముగ్గురికీ కనిపించేది మాత్రం ఒక్కటే, ఈ మనిషి లేచిపోయాడు. మొదటిసారి మాస్టారును అలా తిట్టిన రోజున ఆయన ముఖం చూడవలసింది. ముప్పయ్యేళ్ళు బడిలో పనిచేసి ఎవరి చేతా మాట పడని మనిషిని, కరెంటు వాళ్ళ పుణ్యమా అని, టెక్సాస్‌లో ఎవరో పద్దెనిమిదేళ్ళవాడు దొంగ అన్నాడు. మరునాడు ఆయన ఇంటి దగ్గర నుంచి కాగితం మీద ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాసుకుని వచ్చారు. మా ఊళ్ళో విద్యుత్తు సరఫరా నిలకడగా ఉండదనీ, నా నిష్క్రమణ బుద్ధిపూర్వకం కాదనీ, ఆటను మీకు అనుకూలమైన వేళ కొనసాగించడానికి సిద్ధమనీ దాని సారాంశం. దాన్ని నేను టైపు చేసి ‘సారీ’ అనే పేరుతో మూడో నంబరు కంప్యూటరులో దాచాను. తరువాత ఆ ఫైలును మా సెంటరులో ఆడేవాళ్ళంతా వాడుకున్నారు. కరెంటు వచ్చీ రాగానే ‘మాస్టారి ఉత్తరం పెట్టండి’ అనే కేక వినిపించేది.

ఇక యంత్రం మోసం చేస్తోందన్న ఫిర్యాదు వినని రోజు లేదు. చేతితో కలిపితే కలిపినవాణ్ణి తిట్టవచ్చు, ఇక్కడ తిట్టడానికి మనిషి లేడు. 52 ముక్కలను కలపగలిగిన విధాలు ఎన్నంటే, ఎనిమిది పక్కన అరవై ఏడు సున్నాలు పెట్టినంత. ఆ సంఖ్యను మాస్టారు ఒకరోజు నా నోటు పుస్తకం వెనక అట్ట మీద సున్నాలన్నీ లెక్కపెట్టి రాశారు, అది ఇప్పటికీ ఉంది. యంత్రం అన్ని విధాలుగానూ కలపగలదా అన్నది చిన్న ప్రశ్న కాదు. 1999లో ప్లానెట్ పోకర్ అనే డబ్బు పందేల సైటు వాడుతున్న కలిపే పద్ధతిని, దాన్ని తయారు చేసిన సంస్థే తమ నిజాయితీ చూపించుకోవడానికి బయటపెట్టింది. అమెరికాలో కొందరు భద్రతా నిపుణులు దాన్ని చదివి, ఆ పద్ధతి అర్ధరాత్రి నుంచి గడిచిన మిల్లీసెకన్ల లెక్కతో మొదలవుతోందని గమనించారు. రోజుకు మిల్లీసెకన్లు 8 కోట్ల 64 లక్షలే కాబట్టి కలిపే విధాలూ అంతకు మించవు. తమ గడియారాన్ని ఆ సర్వరు గడియారంతో సరిచూసుకుని, సాధ్యమైన పేకలను సుమారు రెండు లక్షలకు కుదించి, చేతిలో ఉన్న ముక్కలూ బల్ల మీద తెరిచిన ముక్కలూ చూసి అందరి ముక్కలనూ చెప్పేశారు. ఈ సంగతి నాకు ఏళ్ళ తరువాత తెలిసింది. ముందే తెలిసి ఉంటే మా స్టీలు ప్లాంటాయనతో అంత గట్టిగా వాదించేవాణ్ణి కాదు.

విండోస్ ఎంఈ, ఎక్స్‌పీలతో పాటు వచ్చిన ఇంటర్నెట్ హార్ట్స్, ఇంటర్నెట్ స్పేడ్స్ గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. వాటిలో సొంతంగా మాట రాసే వీలు లేదు. పలకరింపు, మెప్పు, వీడ్కోలు వంటి కొన్ని మాటలు ముందే తయారుగా ఉండేవి. ఒకటి ఎంచి నొక్కితే అవతలివారికి వాళ్ళ భాషలో కనిపించేది. పిల్లలను బూతుల నుంచి కాపాడటానికి మంచి ఏర్పాటే, భాషల గోడను దాటించడానికి మరీ మంచి ఏర్పాటు. కానీ మాస్టారు దాన్ని రెండు రోజులు ఆడి వదిలేశారు. అందులో ఉక్కపోత గురించి చెప్పడానికి మాట లేదన్నారు.

తరువాత డబ్బు వచ్చింది. మన రాష్ట్రంలో పేకకూ చట్టానికీ పాత బంధుత్వం ఉంది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో, 1967లో, సుప్రీంకోర్టు మూడు ముక్కలాట వంటివి పూర్తిగా అదృష్టమనీ, రమ్మీ మాత్రం పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవడం, ఏది ఉంచాలో ఏది కొట్టాలో తేల్చుకోవడం మీద నడిచే, నైపుణ్యం పాలు ఎక్కువ ఉన్న ఆట అనీ చెప్పింది. నలభై ఏళ్ళ తరువాత పుట్టుకొచ్చిన ఆన్‌లైన్ రమ్మీ వ్యాపారం ఆ తీర్పు నీడలోనే పెరిగింది. ఆంధ్రప్రదేశ్ 2020లో, దేశం మొత్తానికి పార్లమెంటు 2025 ఆగస్టులో డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించేదాకా అది ఎన్ని ఇళ్ళల్లోకి వెళ్ళిందో ఇక్కడ కూర్చున్న మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ న్యాయాన్యాయాలు తేల్చే పని నాది కాదు. నేను చూసినది ఒక చిన్న సంగతి. మా మేనల్లుడు ఫోనులో పదమూడు ముక్కలాట ఆడుతుంటే పక్కన కూర్చుని చూశాను. ముక్క కొట్టడానికి అరనిమిషం, దాని చుట్టూ ఎర్రగా కరిగిపోయే ఒక వలయం. పంచడానికి ఆలస్యం లేదు, ఇంకో మనిషి రావాలని ఎదురుచూడటం లేదు, ఒకడు లేచిపోతే అదే క్షణంలో ఇంకొకడు. ఆట అయిపోయిన రెండో సెకనులో ఇంకో ఆట. వాడి ఎదురుగా కూర్చున్నది ఎవరని అడిగాను. వాడు నా వైపు వింతగా చూశాడు. ప్రతి ఖాళీ సెకనూ ఆ కంపెనీకి నష్టమే కాబట్టి, ఎంతో తెలివైన ఇంజనీర్లు కూర్చుని ఆ ఖాళీలన్నిటినీ ఏరిపారేశారు. నిన్నటావిడ బస్సు ఇంజను సంగతి చెప్పుకోవడానికి అందులో సందు లేదు.

2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మొదలైంది. మాస్టారి అబ్బాయి ఎంవీపీ కాలనీ ఫ్లాటులో కనెక్షను పెట్టించాడు. మరుసటి ఏడు నేను షట్టరు దించేశాను. యాహూ చాట్ గదులు 2012 డిసెంబరులో మూతపడ్డాయి, పాత జావా ఆటలు చాలావరకు 2014 మార్చి ఆఖరున పోయాయి, 2016లో యాహూ గేమ్స్ అన్నదే లేకుండా పోయింది. మైక్రోసాఫ్టు 2019 జూలై 31న ఎక్స్‌పీ ఆటలకూ, 2020 జనవరి 22న విండోస్ 7 ఆటలకూ సర్వర్లు ఆపేసింది. నిన్నటావిడ మాత్రం వీటన్నిటికంటే ముందే, ఒక చలికాలంలో, రావడం మానేసింది. ఎనిమిదేళ్ళు కలిసి ఆడినా ఆవిడ అసలు పేరు మాస్టారు అడగలేదు, ఆవిడా అడగలేదు. కొన్నాళ్ళు ఆయన రోజూ ఒక బల్ల తెరిచి, ఎదుటి కుర్చీలో ఎవరు కూర్చోబోయినా మర్యాదగా వద్దని, అరగంట చూసి మూసేసేవారని వాళ్ళ కోడలు నాతో చెప్పింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. మూడో రోజు సాయంత్రం, పడిపోయిన చెట్లను దాటుకుంటూ, మాస్టారు ఎలా ఉన్నారో చూడటానికి వెళ్ళాను. కరెంటు లేదు, ఫోను లేదు. ఫ్లాట్లలోని జనమంతా కింద పార్కింగులో చాపలు పరుచుకుని కూర్చున్నారు. ఎవరో ఒక పాత పేక కట్ట తెచ్చారు, లెక్కపెడితే ఒకటి తక్కువ. జోకరు మీద బాల్‌పాయింటు పెన్నుతో ‘కళావరు 7’ అని రాసి అందులో చేర్చాం. మాస్టారు, నేను, మూడో అంతస్తు లక్ష్మిగారు, మాస్టారి మనవడు హార్ట్స్‌కు కూర్చున్నాం. ఆ అబ్బాయికి పదహారేళ్ళు, కంప్యూటరు మీద వందల ఆటలు ఆడినవాడు. అయినా పదమూడు ముక్కలు ఒక్కసారి చేతిలో పెట్టేసరికి, వాటిని విసనకర్రలా విప్పి పట్టుకోవడం వాడికి రాలేదు. రంగుల వారీగా పేర్చి ఇచ్చే యంత్రం లేదు. రెండు ముక్కలు కింద పడ్డాయి, అందరం మర్యాదగా కొవ్వొత్తి వైపు చూశాం.

మూడో పట్టులో మాస్టారు కళావరు వేశారు. వాడు ఆఠీను తొమ్మిది పడేశాడు. కళావరు చేతిలో ఉంటే అదే వేయాలి కనుక, వాడికి అవి అయిపోయాయి కాబోలు అనుకున్నాం. ఇంకో నాలుగు పట్లు నడిచాక వాడి చేతిలోంచి ఆ జోకరు బయటికి వచ్చింది, దాని మీద నీలం సిరాతో కళావరు ఏడు అని ఉంది. లక్ష్మిగారు ముందు చూశారు. “ఇదుండగా ఆఠీను ఎలా వేశావు బాబూ?”

“కంప్యూటరులో అయితే తప్పు ముక్క నొక్కినా కదలదండీ,” అన్నాడు వాడు.

మాస్టారు తన ముక్కలు బోర్లా పెట్టి, ఆ పంపకం రద్దు చేసి మళ్ళీ పంచాలన్నారు. అప్పటికి ఒక్క పాయింటూ లేని లక్ష్మిగారు, తప్పు చేసినవాడి మీద ఇరవయ్యారూ వేసి మనం ముందుకు పోవాలన్నారు. ఇస్పేటు రాణి అప్పటికే నా దగ్గరకు వచ్చి కూర్చుంది కనుక నేను మాస్టారి పక్షం వహించాను. నాలుగో ఫ్లాటు వాళ్ళు తీర్పు చెప్పడానికి చాప దగ్గరకు జరిగారు, వాళ్ళలో వాళ్ళకు మళ్ళీ రెండు పక్షాలు. మాస్టారు బడిలో మాట్లాడిన గొంతుతో మాట్లాడుతున్నారు, ఆ గొంతు నేను అంతకు ముందెప్పుడూ వినలేదు. కొవ్వొత్తి అయిపోయింది, ఇంకొకటి వెలిగించడానికి అగ్గిపెట్టె కనిపించలేదు. ఆ పంపకం లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్నది ఆ రాత్రి తేలలేదు.